నన్ను ఆవహించిన రావుగారు

పంజాగుట్టలో ఒక మధ్యాహ్నం నాకు దెయ్యం పట్టిందని ముగ్గురు మనుషులు గట్టిగా నమ్మారు. ఆ ముగ్గురిలో నేనూ ఒకదాన్ని.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టలు, అమీర్‌పేటలో కోర్సు, నెత్తిన బోలెడు గర్వం. కమలగారని డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ టీచరు, పంజాగుట్టలోని తన ఫ్లాటులో నెలకో ఆదివారం నవలల ముచ్చట్లు పెట్టేవారు. ఈ మధ్య సరదాగా చదివిన నవల గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలి, అంతే. ఎవరో చెబితే నేనూ తయారయ్యాను. చిక్కల్లా నేను ఏ నవలా చదవకపోవడమే.

ముందురోజు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద మొదటి పేజీ చిరిగిన ఒక దెయ్యాల నవల దొరికింది. దాని అంచుల నిండా ఎవరో పెన్సిలుతో అభిప్రాయాలు రాసిపెట్టారు. ఒలిచి చేతిలో పెట్టిన అరటిపండు! కథ నలభై పేజీలకే వదిలేసి, అంచుల్లో కనబడ్డ రాతలు బట్టీ పట్టేశాను. నవ్వకండి, మీరూ ఏదో ఒక పరీక్షకి ఇలాగే వెళ్ళుంటారు.

ఆదివారం మబ్బులు కమ్మి మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది. వానకి ఎవరూ రాలేదు, బోరబండలో మోటార్లు బాగుచేసే యాదగిరన్న తప్ప. నేను వెళ్ళేసరికి కరెంటు కూడా పోయింది. కమలగారు కొవ్వొత్తి వెలిగించారు. దండ వేసిన ఫొటో కింద ఖాళీగా ఉన్న పేము కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మా, గా కుర్చీల..." అన్నాడు యాదగిరన్న, నాకేసి భయంగా చూస్తూ.

"ఫర్వాలేదు, కూర్చోనీ," అన్నారు కమలగారు. "మా వారు రావుగారి కుర్చీలేమ్మా. ఆయన పోయి రెండేళ్ళయింది. అందులో ఎవరూ కూర్చోవడం లేదు."

లేవబోయాను. కూర్చోమన్నారు. ఆ కంగారులో నవల పేరైనా చెప్పకుండా, గొంతు బరువుగా పెట్టి అందుకున్నాను.

"ఇందులో దెయ్యానికి పగ లేదండీ. ఉన్నదల్లా అలవాటు. రోజూ ఇంటికొచ్చేది ఎవరినో చంపడానికి కాదు..."

"గ్యాస్ కట్టేశారో లేదో చూసుకోవడానికి," అన్నారు కమలగారు, కళ్ళు మూసుకుని.

నా వాక్యం! ఇంకా నా నోరు దాటని వాక్యం! వీపు మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టయింది. అయినా బట్టీ పట్టిన నాలుక ఆగదు కదా.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి..."

"పుడకలతోనూ పోదు."

యాదగిరన్న గోడకి అతుక్కుపోయాడు.

"అమ్మా! గివి సారు మాటలే! గిదే కుర్చీల కూసొని గిట్లనే చెప్పిండు! సారొచ్చిండమ్మా!"

"ఎవరొచ్చారన్నా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"మీరే సారూ! మంచిగున్నరా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది. మీసం మొలిచిందేమోనని పెదవి తడుముకున్నాను.

కమలగారు దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఏవండీ," అన్నారు.

నా జీవితంలో నన్ను 'ఏవండీ' అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

"ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఏదో చెప్పబోయారు. స్ట్రెచరుతో లిఫ్టు నిండిపోయి నేను బయటే ఉండిపోయాను. తలుపు మూసుకుపోయింది. ఏంటండీ అది?"

ఆవిడ నా కళ్ళలోకే చూస్తున్నారు. నేను కోతలరాయుడికి అక్కనే గానీ, ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పగలిగేంత గుండె నాకు లేదు.

"నేను రావుగారిని కాదండీ... దొంగని," అంటూ సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చేశాను.

ఆవిడ పెన్సిలు రాతల్ని వేలితో మెల్లగా తడిమారు. "ఆయన రాతే. ఇల్లు సర్దినప్పుడు పాత పేపర్లతో పోయింది. ఎంత వెతికానో," అన్నారు. నేను చేరని చివరి పేజీ దగ్గర ఆవిడ ఆగి, కొవ్వొత్తి దగ్గరికి జరుపుకుని చదివారు.

"'సగం నుంచి చదవలేదు, భయమేసింది. మిగతా కథా, ఈ అభిప్రాయాలూ కమల వంట చేస్తూ చెప్పినవే. మర్చిపోకుండా రాసుకుని, ఆదివారం నావిగా చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. కమల కూడా కొట్టింది. తను చెప్పిన మాటలేనని గుర్తున్నట్టు లేదు. దేవుడా, ఎప్పటికీ గుర్తు రానివ్వకు.'"

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని నేనూ ఏడుపుకి సిద్ధమయ్యాను. చూస్తే, ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు! చివరికి ఫొటోకేసి తిరిగి,

"లిఫ్టులో చెప్పబోయింది ఇదేనాండీ?" అన్నారు.

ఫొటోలో రావుగారు ఏ ఫొటోలోనూ ఎవరూ దించనంతగా తల దించుకున్నట్టు కనిపించారు. యాదగిరన్నని అడిగితే, తనకీ అలాగే కనబడిందన్నాడు.

ఆ రోజే, వేడి టీ గ్లాసు మీద చెయ్యి పెట్టి, కాలుతున్నా తియ్యకుండా ప్రమాణం చేశాను: చదవని నవల గురించి బతికుండగా నోరెత్తను. పోయాక ఎత్తితే మాత్రం పూచీ నాది కాదు.