హెలెన్ మేడమ్ ఊరి మెట్లు

అజ్మాన్‌లో మా వీధి చివరి పార్కులో ఇవాళ గడ్డి కోశారు. ఆ పచ్చి వాసనకు, నేనెన్నడూ చూడని ఇంగ్లండు పల్లెటూరొకటి గుర్తొచ్చింది. దాన్ని నాకు చూపించింది హెలెన్ మేడమ్, దుబాయ్ ఫ్లాటులో.

2020 మార్చి 3న ఆవిడను చూసుకునే పనిలో చేరాను. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్ళు, నాకు అరవై ఒకటి. నా ఇంగ్లీషు అరకొర, ఆవిడ హిందీ అంతకన్నా అరకొర. ఆవిడ తుంటి ఎముకకు ఆపరేషనైంది. ఆ నెలలోనే కరోనాతో విమానాలు ఆగిపోయాయి; మళ్ళీ తిరిగే నాటికి నడవగలిగితేనే సొంతూరు వెళ్ళగలరు. అందుకని రోజూ ఫ్లాటు నడవాలో నడిపించేదాన్ని. ఆవిడ ఆ నడవానే తన ఊరు చేసుకున్నారు. పడకగది గుమ్మం బస్‌స్టాపు. చెప్పుల అలమర రాతి వంతెన. ఫ్రిజ్ దగ్గర నీటిమర. ఇప్పుడక్కడ పిండి పట్టరట, టీ అమ్ముతారట. "పాతకాలంలో సైనికులు ఈ వంతెన మీదే గుర్రాలు ఆపారు" అంటూ నిలబడి ఆయాసం తీర్చుకునేవారు. ఎందుకు ఆపారని అడిగితే, "రేపు చెప్తాను, నడు" అనేవారు. మర్నాడు చెప్పారు: "గుర్రాలకు దాహమేసింది, సత్యా. అంతకన్నా పెద్ద కారణం నాకెవరూ చెప్పలేదు."

మే నెలలో, విమానాలు ఇప్పట్లో లేవని తెలిసి ఆవిడ మంచం దిగనన్నారు. "ఖలాస్, సత్యా. ఇక నేను ఊరు చూడను."

ఆవిడ చెప్పినవన్నీ రాసుకునే డైరీ తీశాను. "మీ ఊరి చర్చి గోపురానికి సోమవారం యాభై ఎనిమిది మెట్లన్నారు మేడమ్. నిన్న అరవై ఒకటన్నారు. ఏది రాసుకోను?"

"నేను అబద్ధాలాడుతున్నాననా?"

"ఆ మూడు మెట్లు ఎక్కడివో అడుగుతున్నానంతే."

"గుమ్మం బయటివేమో. తెలియదు. తెలియనప్పుడు రెండూ రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. నేను వెళ్ళి లెక్కపెడతాను" అని చెయ్యి చాపారు. లేపాను. ఆ రోజు వంతెన వరకే నడిచాం.

సెప్టెంబరు 14న చేతికర్రతో విమానం ఎక్కారు. పది రోజులకు ఫోనులో మెసేజి వచ్చింది: "పంతొమ్మిది ఎక్కాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ప్రశ్న గుర్తు అలాగే ఉంచు." మరుసటి ఏడాది ఆవిడ పోయారని కొడుకు రాశాడు.

ఆవిడ దగ్గర చేరకముందు నేను ఎవరి ఊరి సంగతీ అడిగి ఎరగను. ఎవరేం చెప్పినా లెక్క సరిపోతే చాలనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా తెలియదన్నా, ఏం లేదన్నా అక్కడే ఆగి ఇంకా అడుగుతున్నాను. నిన్న పక్క గదిలో ఉండే జగిత్యాల మేస్త్రి మల్లయ్యను, మీ ఊళ్ళో ఏముందని అడిగాను.

"ఏమున్నదక్కా, ఏం లేదు. అటు కందిచేను, ఇటు కందిచేను."

"బస్సు దిగి ఎటు నడవాలి? ముందు అది చెప్పండి."

మల్లయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎడమ దిక్కు" అన్నాడు.