ప్రార్థన పుస్తకంలో అక్టోబరు

ఎనభైల మొదట్లో, మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు, నా గొంతులో ఒక గడ్డ లేచింది. నేను పాట ఎత్తుకుంటే రెండో చరణం దాకా ఎవరూ ఆగేవారు కాదు. డాక్టరు మాత్రం ఆ గొంతు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఆగిపోయాడు. కోసి చూస్తేగాని అది ఏ గడ్డో చెప్పలేనని, అక్టోబరులో ఒక తేదీ ఇచ్చాడు.

ఇంటికొచ్చి పంచాంగం తీశాను. మావారు నవ్వారు. ఆయనకు వర్జ్యమంటేనే వర్జ్యం. అక్కడి రాహుకాలం ఇక్కడ దిగేసరికి దాని వీసా అయిపోతుందని ఆయన పాత జోకు. నేనూ నవ్వి, పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద పడేశాను. నిజానికి ఆ నవ్వే నాకు ధైర్యం. ఇంట్లో ఒకరైనా భయపడకుండా ఉన్నారు కదా అని.

ఆయన ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలకు ఫోటోలు తీసేవారు. ఆ వారం ఒక విడి ఆకు వచ్చిందట. కొన్ని వందల ఏళ్ల కిందట యూరప్‌లో చేత్తో రాసిన క్రైస్తవ ప్రార్థన పుస్తకంలోది, అక్టోబరు నెల క్యాలెండరు. ఫోటో తెచ్చి చూపించారు. అసలుది దూడతోలు మీద రాశారని చెప్పి, నా మొహం చూసి, ఇది ఫోటోయేలే అన్నారు. పైన బంగారు అక్షరాలు, అంచుల్లో పూలతీగలు, కింద విత్తనాలు చల్లే రైతు, పక్కన తేలు. పెద్ద పండుగలు ఎర్రసిరాతో రాసి ఉన్నాయి. అచ్చం మన పంచాంగమే, వృశ్చికరాశి కూడా ఉందని మురిసిపోయాను. ఆయన నవ్వలేదు. ఫోటోను గబగబా కవరులో పెట్టేశారు.

తర్వాత హాస్పిటల్ నుంచి ఫోన్. మీవారు కోరినట్టే ఆపరేషన్ నవంబరుకి మార్చామంది అక్కడి ఆవిడ.

సాయంత్రం ఆయన్ని నిలదీశాను. కారు తాళాలు తిప్పుతూ చెప్పారు. ఆ ఆకులో రెండు తేదీల పక్కన చెడ్డరోజని గుర్తు ఉందట. ఆ రోజుల్లో ఒంటిమీద కత్తి పెట్టకూడదని అప్పటి వైద్యులు నమ్మేవారని లైబ్రరీలో పనిచేసే ఆవిడ చెప్పిందట. వాటిలో ఒకటి నా తేదీ.

"మా అమ్మ పంపిన పంచాంగం పనికిరాలేదు గానీ, ముక్కూమొహం తెలియని దొరలది పనికొచ్చిందా?"

"నమ్మి కాదే. చూశాక ఊరుకోలేకపోయాను."

"నన్ను ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే నువ్వు భయపడతావని."

"ఇప్పుడు మీరే భయపడ్డారని తెలిసింది. ఇంక నేనెవర్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోను?"

మర్నాడు పాత తేదీ కోసం నేనే ఫోన్ చేశాను. దాన్ని అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు.

ఆ చెడ్డరోజు రానే వచ్చింది. ముందే పెట్టుకున్న లీవ్ క్యాన్సిల్ చేసుకోవడం మరచి ఇద్దరం ఇంట్లోనే ఉండిపోయాం. ఏ చెడూ జరగలేదు. పప్పు మాడలేదు, కారు మొరాయించలేదు. కత్తి పడాల్సిన వేళకి నేను సోఫాలో కూర్చుని ఉతికిన తువ్వాళ్లు మడతపెడుతున్నాను. అది మామూలు గడ్డేనని తర్వాత తేలింది గానీ, ఆ రోజుకి మాకా సంగతి తెలియదు.

ఆయన చెయ్యి పట్టుకుని నా గొంతు దగ్గరికి తెచ్చాను. పెరిగిందేమో చూడమన్నాను.

"పెరగలేదు," అన్నారు, వేళ్లు ఇంకా ఆనకముందే.