తూర్పు గోడకి పెట్టిన గొట్టం

నిన్న పొద్దున మా మేనల్లుడు వైజాగ్ నుంచి ఫోన్ చేశాడు. ఆఫీసు పనితో బుర్ర వేడెక్కిపోతోందని, ఆదివారాలు చెక్కపని చేసుకుందామని ఇంటి వెనకాల రేకుల షెడ్డు వేయించాడట. "మావయ్యా, ముందు ప్లానర్ కొనమంటావా, డస్ట్ కలెక్టర్ కొనమంటావా? రెండూ ఒకేసారంటే మా ఆవిడ ఊరుకోదు" అన్నాడు. నేను క్షణం కూడా ఆలోచించకుండా "డస్ట్ కలెక్టరే ముందు కొను. ఊపిరితిత్తులు బజార్లో దొరకవు" అన్నాను. పెద్దవాళ్ళ అనుభవమంటే ఇదీ అని వాడు నన్ను తెగ మెచ్చుకున్నాడు. ఫోన్ పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. నేను చేసింది దానికి పూర్తిగా తలకిందులు. చెక్కని చిత్రిక పట్టే ప్లానర్ ముందు కొన్నాను, పగతో కొన్నాను. డస్ట్ కలెక్టర్ తర్వాత కొన్నాను, అంతకంటే పెద్ద పగతో కొన్నాను. ఈ సంగతి వాడికి చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా ఇల్లు ద్రాక్షారామానికి కొంచెం ఇవతల, కాలవ గట్టు మీద. మా ప్రహరీకి ఆనుకుని తూర్పున ఒకప్పుడు రైసుమిల్లు ఉండేది. మా ఇల్లు ముందు, మిల్లు తర్వాత. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊళ్ళో సగం మంది దీన్ని తిరగేసి చెబుతారు. మిల్లులోంచి లావుపాటి రేకు గొట్టం ఒకటి బయటికొచ్చి సరిగ్గా మా గోడ దగ్గర ఊక కుమ్మరించేది. పొద్దున పూట పడమటి గాలి కాబట్టి బాధ లేదు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి పైరగాలి తిరిగిందంటే ఆ కుప్ప మీది దుమ్మంతా లేచి మా ఇంట్లోకి వచ్చేది. మంచినీళ్ళ బిందె మీద, పరుపుల మీద, దేవుడి పటాల మీద, పెరుగు మీగడ మీద సన్నటి పసుపురంగు నుసి. మా అమ్మ రోజంతా ఆ గాలిని బట్టే నడిచేది. బట్టలు పదింటికల్లా ఆరిపోవాలి, వడియాలు పన్నెండింటికల్లా లోపలికి వచ్చేయాలి. అన్నం మాత్రం నాన్నగారు బడి నుంచి వచ్చేదాకా ఆగక తప్పదు కాబట్టి మేం ఏళ్ళ తరబడి కరకరలాడే అన్నం తిన్నాం. నాన్నగారు మెతకమనిషి. ఊకలో పీచుపదార్థం ఉంటుందనేవారు.

అమ్మకి ఉబ్బసం. అది మిల్లు తెచ్చిపెట్టిందో, ముందే ఉందో డాక్టరుగారు కూడా తేల్చి చెప్పలేదు. కాని మిల్లు ఆడని రోజుల్లో ఆవిడ మేడ మెట్లు ఎక్కి దిగేది, ఆడిన రోజుల్లో గోడ పట్టుకుని నిలబడేది. నాకు అంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు. నాకు లెక్కల మాస్టారుగా ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఓ వేసవిలో, మూడు రోజులు వరసగా ఆయాసపడ్డాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళింది. మిల్లు యజమానిని ఊరంతా పెద్దాయన అనేది. అప్పటికి ఆయనకి యాభై కూడా లేవు. ఆ పెద్దరికం వయసుది కాదు, మిల్లుది. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమనలేదు. అమ్మ ఎండలో నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ గొట్టాన్ని రెండోవైపుకి తిప్పించమని అడిగింది. మిల్లు ఆపమనలేదు. గొట్టం తిప్పించమంది, అంతే.

"అమ్మా, ఊకంటే ఏంటనుకున్నారండి? లక్ష్మీదేవండి. ఊరికే మీ ఇంటికి పంపిస్తున్నాం. ఊడ్చుకుని పొయ్యిలో వేసుకోండి, కట్టెలు కలిసొస్తాయి" అన్నారాయన. గుమస్తాలు నవ్వారు. బస్తాలు మోసేవాళ్ళూ నవ్వారు, వాళ్ళకి నవ్వక తప్పదు పాపం. అమ్మ కూడా మర్యాదకి నవ్వబోయి దగ్గు తెరలో పడిపోయింది. నేను ఇరవై రెండేళ్ళవాణ్ణి, పిల్లలకి బెత్తం చూపించి పాఠం చెప్పేవాణ్ణి, నోరు విప్పలేదు. తిరిగి వస్తుంటే అమ్మ, "పోన్లేరా, అండీ అనే మాట్లాడాడు కదా" అంది. మా వైపు అంతే. కొట్టినా అండీ అనే కొడతారు. ఆ తర్వాత నాలుగేళ్ళకి అమ్మ పోయింది. పెద్దాయన్ని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ ఎప్పుడూ లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన మా గేటు దగ్గరికొచ్చి, అమ్మ నిలబడ్డట్టే నిలబడి, దుమ్ము పడుతోంది బాబూ అని అడగాలి. అప్పుడు ఆ లక్ష్మీదేవి మాట ఆయనకే అప్పజెప్పాలి. ఆ ఒక్క మాటని ఎన్ని రకాలుగా పలకొచ్చో నలభై ఏళ్ళు సాధన చేశాను. బోర్డు మీద లెక్క రాస్తూ కూడా సాధన చేశాను.

ఈలోగా పెద్ద మిల్లులొచ్చి ఆ చిన్న మిల్లు మూతపడింది. కొడుకులు యంత్రాలన్నీ పాత ఇనుము కింద అమ్మేసి, ఆ జాగాలో పాలరాయి పరిచిన ఇల్లు కట్టారు. పెద్దాయన్ని పెద్ద కోడలు చూసుకుంటోంది. ముందు విశాలమైన తెల్లటి వరండా. ఆ తెలుపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నేను రిటైరయ్యాక చెక్కపని మీద మోజుపడ్డానని అందరూ అనుకున్నారు. మోజు నిజమే. కొయ్య మీద చిత్రిక నడిచే చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం, ఆ చుట్టలు చుట్టలుగా లేచే పొట్టు వాసన మరీ ఇష్టం. కాని పడమటి వైపు బోలెడంత జాగా ఉండగా షెడ్డుని తీసుకెళ్ళి తూర్పు గోడకి ఆనించి వేశానంటే, అది మాత్రం మోజు కాదు.

చేత్తో చిత్రిక పట్టడానికి నా భుజాలు ఒప్పుకోవు కాబట్టి మిషను చూద్దామని రాజమండ్రి వెళ్ళాను. కొట్లో కుర్రవాడైనా పని తెలిసిన మనిషి. ఓపిగ్గా అన్నీ చెప్పాడు. "ఇంటి పనికి పదమూడంగుళాల ప్లానర్ చాలండి మాస్టారూ. రెండు బ్లేళ్ళదానికంటే మూడు బ్లేళ్ళది నున్నగా తీస్తది. డస్ట్ కలెక్టర్ మాత్రం తప్పనిసరండి. ఇల్లు ఊడ్చే వేక్యూమ్ తగిలిద్దామనుకుంటారు కొంతమంది. ప్లానర్ పొట్టు రేకులు రేకులుగా వస్తది, సన్న గొట్టం పూడిపోద్ది. నాలుగంగుళాల గొట్టం, గాలి బాగా లాగేది ఉండాలి. సంచీ కూడా సన్నటి నుసి ఆపేది చూసుకోవాలండి. కంటికి కనపడేది ముక్కులో ఆగిపోద్ది, కనపడందే లోపలికెళ్ళిపోద్ది." ఆ ఆఖరి మాటకి నాకు అమ్మ గుర్తొచ్చింది. అంత మంచి సలహా విని నేనడిగిందేమిటంటే, పొట్టుని దూరంగా విసిరేసేది ఏదైనా ఉందా అని. అతను నన్ను ఎగాదిగా చూసి, "ఇదుందండి. లోపల ఫ్యానుంటది, పొట్టుని తనే బయటికి తోసేస్తది. కానండి, కలెక్టర్ పెట్టకపోతే పక్కింటిదాకా పోద్ది" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంకో మిషను కనపడలేదు.

తూర్పు గోడకి కన్నం కొట్టించి, ప్లానర్ మూతికి రేకు గొట్టం తగిలించి, దాని చివర బయటికి పెట్టించాను. కొయ్యని కూడా ఆలోచించే ఎంచుకున్నాను. టేకు పొట్టు బరువు, దగ్గర్లోనే పడిపోతుంది. నిద్రగన్నేరు దుంగలు కోయించి తెప్పించాను. చవక, పైగా దాని నుసి ముక్కులోకి వెళితే తుమ్ములే తుమ్ములని వడ్రంగులందరికీ తెలుసు. మా తాతగారు కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే ముందు గుప్పెడు దుమ్ము పైనుంచి జారవిడిచి గాలి ఎటుందో చూసుకునేవారు. నేనూ రోజూ ఏడింటికి గోడ దగ్గర నిలబడి గుప్పెడు పొట్టు జారవిడిచేవాణ్ణి. అది తూర్పుకి తేలిందా, స్విచ్చి వేసేవాణ్ణి. నా మొహానికి మాస్కు, కళ్ళకి అద్దాలు. పక్కింటికి మాత్రం నిద్రగన్నేరు. ఆ పది పన్నెండు రోజులూ ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. చెక్కలు నున్నగా అద్దంలా వచ్చేవి, వాటితో ఏం చేయాలో మాత్రం నాకు తెలీదు. మా ఇంట్లో అవసరమైన పీటలన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి.

ఫిర్యాదు మాత్రం రాలేదు. ఆ కోడలు రోజుకి మూడుసార్లు వరండా ఊడ్చేది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. అది చూడకుండా ఉండడానికి నేను కిటికీ వైపు వీపు పెట్టి పనిచేశాను. ఓ రోజు పనిలో పడి వేళ మర్చిపోయాను. పదకొండింటికే పైరగాలి తిరిగి, పొట్టంతా వెనక్కొచ్చి, మా ఆవిడ మేడ మీద ఎండబెట్టిన మాగాయ ముక్కల మీద పడింది. ఉప్పు, పసుపు పట్టిన ముక్కలకి అది ఎంత చక్కగా అంటుకుంటుందో చూడాల్సిందే. "మాగాయ కావాలో, ఆ మిషను కావాలో తేల్చుకోండి" అంది మా ఆవిడ. ముక్కలన్నీ పారబోసింది. ఈ ఏడాదికి మాకు మాగాయ లేదు. పగ అన్నాక ఆమాత్రం నష్టం ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత రెండు రోజులకి ఆయన వచ్చారు. తొంభై దగ్గరపడిన మనిషి, ఓ చేతిలో కర్ర, రెండో చెయ్యి కోడలి భుజం మీద, మా గేటు దగ్గర ఎండలో నిలబడ్డారు. కావాలని నెమ్మదిగా, చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. కూర్చోమనలేదు. మా ఆవిడే లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసి, మజ్జిగ ఇచ్చింది. ఆయన కాసేపు ఊపిరి తీసుకుని, "మాస్టారూ, మిల్లు మళ్ళీ తిప్పుతున్నారా అండి?" అన్నారు.

"మిల్లు కాదండి. చెక్క మిషను. దుమ్ము పడుతోందా?"

"పడుతోందండి. పొద్దున్నే ఆ చప్పుడు వినపడి, ఆ దుమ్ము మొహానికి తగిలితే ప్రాణం లేచొస్తోందండి. నా మిల్లు అమ్మేశారు. నాకు చెప్పలేదు." కోడలు అందుకుని, "మీ మిషను మొదలైనప్పట్నుంచి మావయ్యగారు తెల్లారగానే వరండాలో కూర్చుంటున్నారండి. ఇడ్లీలు నాలుగు తింటున్నారు, ఇదివరకు ఒకటికే గొడవ. మీరెక్కడ ఆపేస్తారోనని అడగడానికొచ్చారు" అంది. ఇన్నాళ్ళూ నా శత్రువుకి నేనే ఆకలి పుట్టిస్తున్నాను. అయినా ఆశ చావక, నలభై ఏళ్ళ సాధన వృథా కాకూడదని, ఆయన కళ్ళలోకి చూస్తూ అన్నాను. "దుమ్మంటే ఏంటనుకున్నారండి? లక్ష్మీదేవండి. ఊడ్చుకుని పొయ్యిలో వేసుకోండి."

"అద్దీ మాట!" అని ఆయన కుర్చీ చెయ్యి మీద కొట్టి నవ్వారు. "ఊకపొయ్యిలో వేస్తే ఎంత బాగా మండుద్దో! బాగా చెప్పారు మాస్టారూ." నవ్వు ఆపుకుని, "అమ్మగారు కులాసానా అండి?" అన్నారు. లేరని, ఉబ్బసంతో పోయారని చెప్పాను. ఆయన మొహం నల్లబడింది. "అయ్యో, ఉబ్బసమా? అలాంటి మనిషికి ఊక దుమ్ము పడదే. ఒక్క మాట నా చెవిన వెయ్యాల్సిందండి. గొట్టం రెండోవైపుకి తిప్పించేసేవాణ్ణి కదా. ఎంత పని?"

నేను ఆయన మొహమంతా వెతికాను. నటన లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఎవరి మీద పగబట్టానో ఆ మనిషి ఎప్పుడో వెళ్ళిపోయాడు. అదే ముక్కూ మొహం పెట్టుకుని ఎవరో మంచి ముసలాయన మా కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. "మీకు చెప్పిందండి, నేను పక్కనే ఉన్నాను" అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. చెబితే ఏడ్చేవారు, భోజనాల వేళకి మర్చిపోయేవారు. భోజనాల వేళదాకా ఉండే ఏడుపు నాకు చాలదు.

మర్నాడే రాజమండ్రి వెళ్ళి డస్ట్ కలెక్టర్ కొన్నాను. అన్నిటికంటే సన్నటి నుసి ఆపేది కావాలన్నాను, ఒక్క రవ్వ కూడా షెడ్డు దాటకూడదన్నాను. గుడ్డ సంచీ బదులు మడతల ఫిల్టరున్నది తీసుకోమన్నాడు కొట్లో కుర్రవాడు. అదే తీసుకున్నాను. ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్న మాస్టారిని తను చూళ్ళేదన్నాడు. తూర్పు గోడ కన్నం సిమెంటుతో పూడ్పించాను. పని పొద్దున మానేసి, పైరగాలి తిరిగాక మధ్యాహ్నం మొదలెడుతున్నాను. అప్పుడైతే చప్పుడు కూడా అటు సరిగ్గా పోదు. మా ఆవిడ ఇదంతా మాగాయ కోసమే అనుకుని, నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకి భయం భక్తీ వచ్చాయని పొంగిపోయింది.

వారం తిరక్కుండా ఆ కోడలు ప్రహరీ దగ్గరికొచ్చి పిలిచింది. "మిల్లెందుకు ఆగిందని మావయ్యగారు పొద్దస్తమానం అడుగుతున్నారండి. ఏమీ తినట్లేదు. పొద్దున్నే ఓ గంట, ఆ గొట్టం మళ్ళీ మావైపు తిప్పుతారా అండి? ఊడ్చుకునేది నేనే కదా, నాకేం కష్టం లేదు" అంది. నేను చేతిలో చెక్కముక్క కింద పెట్టకుండానే, "కుదరదండి. ఆ దుమ్ము పెద్దాయన ఊపిరితిత్తులకి మంచిది కాదండి" అన్నాను. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. చెక్క చూస్తే అద్దంలా ఉంది, ఇంక తీయడానికి దాంట్లో ఏమీ లేదు. అయినా దాన్ని మళ్ళీ మిషన్లో పెట్టాను.

అది జరిగి నాలుగు నెలలైంది. తెల్లటి వరండా శుభ్రంగా మెరుస్తోంది, కుర్చీ అక్కడే ఉంది, ఆయన పొద్దున్నే బయటికి రావడం మానేశారు. కాలం మరుపు పంచుకుంటూ వెళుతుందంటారు. మా వీధిలోకీ వచ్చింది. మాకు రావలసింది కూడా పక్కింట్లోనే ఇచ్చేసి వెళ్ళిపోయింది.