పుట్టిన సంవత్సరం మీద పసుపు

కాగితాన్ని నీళ్లలో దించే ముందు నేను చూసుకోవలసినవి పదకొండు. వాటిలో తొమ్మిది సిరా గురించే. నీలం సిరా కరుగుతుందా, నల్లది కరుగుతుందా, రబ్బరు స్టాంపు ఊదా రంగు పాకుతుందా, ఇలాంటివి. ఒక్కో రంగు మీద దూది పుల్లతో నీటిచుక్క పెట్టి, అద్దుడు కాగితం ఆనించి, రంగు దిగలేదని తేలాక టిక్కు పెట్టాలి. ఆ జాబితా నేనే తయారుచేశాను. పసుపు అందులో లేదు.

విశాఖలో పడవలు బాగుచేసే ఒక పాత కార్ఖానా తన రికార్డులను కాపాడుకోవాలనుకుని మా బృందాన్ని కాంట్రాక్టు మీద పెట్టుకుంది. ఉన్నట్టుండి ఆ కోరిక ఎందుకు పుట్టిందంటే, పైనుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. మాకిచ్చింది పాత క్యాంటీన్ సామాన్ల గది. ఏసీ ఉంది. విద్యుత్ పొదుపు సర్క్యులర్ ప్రకారం సాయంత్రం ఐదింటికి వాచ్‌మన్ దాన్ని ఆపేస్తాడు. తెల్లారేలోగా సముద్రపు తేమ లోపలికొచ్చి కాగితాల మీద కూర్చుంటుంది. తొమ్మిదింటికి మేమొచ్చి దాన్ని బయటకు పంపే పని మొదలుపెడతాం. దీని గురించి నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడింటినీ జాగ్రత్తగా భద్రపరిచారు.

బృందం అంటే ముగ్గురం. పద్మనాభం నుంచి రోజూ బస్సులు మారి వచ్చే అక్క ఒకరు. చిరుగుల మీద పల్చటి టిష్యూ కాగితం అంటించడంలో ఆవిడ చెయ్యి తిరిగింది. రెండో ఆయన మల్కాపురం బైండరు. చర్చి పాటల పుస్తకాలు కుట్టీ కుట్టీ ఈ పనిలోకి వచ్చాడు. మూడోవాణ్ణి నేను, నాయకుణ్ణి. రసాయన శాస్త్రంలో పట్టా నాది.

మా మీద ఎస్టాబ్లిష్‌మెంట్ ఆఫీసరు ఉండేవారు. వారానికోసారి వచ్చి, మేం వారమంతా చేసిన పనిని వేలితో తడిమి, "మెరవడం లేదేంటండీ?" అనేవారు. లామినేషన్ చేయిస్తే సరిపోయేది కదా అన్నది ఆయన అభిప్రాయం. ప్లాస్టిక్ లోపల కాగితం ఊపిరాడక పాడవుతుందని నేను చెబితే, తన పదో తరగతి సర్టిఫికెట్ లామినేషన్‌లోనే ఉందనీ, దానికి ఏమీ కాలేదనీ చెప్పేవారు.

ఒకరోజు గుమ్మంలో క్రేన్ ఆపరేటరు ఒకాయన నిలబడ్డాడు. చేతిలో అరటిపళ్లున్నాయి.

"మా రిజిస్టరు ట్రీట్‌మెంట్‌లో ఉందన్నారు. ఏటైనాది బాబూ దానికి?"

"యాసిడ్ ఎక్కువైంది," అన్నాను.

"నాకూ అదే. పొద్దున్నే ఒక మాత్ర ఏసుకోమన్నాడు డాక్టరు. దీనికేటి ఏత్తన్నారు?"

"సున్నపు తేట."

"బావా, ఇది ఐసీయూ," అన్నాడు బైండరు, తన ఊరి మనిషే కావడంతో. "సెప్పులిప్పి రా. పళ్లు పేషెంటు తినదు గానీ ఇలాగియ్యి."

ఆయన కష్టం ఇది. నెలాఖరుకు రిటైరైపోవాలని నోటీసు వచ్చింది. లెక్క ప్రకారం ఇంకా రెండేళ్లుంది. పాత వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఎవరో పుట్టిన సంవత్సరం తప్పు కొట్టారు.

"కంప్యూటరు నన్ను మాయమ్మ కంటే రెండేళ్లు ముందే కనీసింది బాబూ. ఆధారేటి అంటే అసలు రిజిస్టరంట. రిజిస్టరేదీ అంటే మీ కాడంట. ఇంట్లో కూకుంటే నాకు తోసదు. ఆ క్రేను కూడా నా మాట తప్ప ఇనదు."

అసలు రిజిస్టరులో సంవత్సరం స్పష్టంగా ఉంటే సరిచేస్తామని ఆఫీసరు ఒప్పుకున్నారట. నకలు ఇద్దామంటే, చికిత్స పూర్తికాని పేజీకి నకలు ఇవ్వరాదని నియమం. ఆ నియమం కూడా నేనే రాశాను. మడత పెడితే అప్పడంలా విరిగే కాగితం మరి. అందుకని ఆయన పేజీని వరుస తప్పించి ముందుకు తెచ్చాను. ఆ పేజీలో రాసిన ఉద్యోగుల చేరికల పట్టీలో ఆయనది చివరి పేరు. పుట్టిన సంవత్సరం నీలం సిరాతో శుభ్రంగా ఉంది. దాని మీదుగా వేలెడు పొడవున పసుపు మరక సాగింది. పదకొండూ టిక్కు పెట్టి, సున్నపు తేటలో దించాను.

ట్రేలో కాగితం మునగగానే మరక ఎర్రబడింది. మెల్లగా కూడా కాదు. నేను పటకారు పట్టుకుని చూస్తుండగానే, సంవత్సరం అంకెల మీద అడ్డంగా ఎర్ర గీత తేలింది.

నేను ఏదో సిరా విచ్ఛిన్నమవుతోందని చెప్పడం మొదలుపెట్టాను. అక్క ట్రేలోకి తొంగిచూసింది.

"ఎర్రనీళ్లు కలిపినట్టే కదేటి బాబూ. పసుపులో సున్నం ఏత్తే ఎర్రగా కాక పచ్చగుంటాదా? మీ ఇంట్లో ఎవులూ దిష్టి తియ్యరేటి?"

"మా ఇంట్లో పసుపు కూరలోకే," అన్నాడు బైండరు. "నానైతే తప్పించుకున్నాను. సారు కెమిస్ట్రీ."

పసుపు కాగితం క్షారంలో ఎర్రబడుతుందని నేను ఎనిమిదో తరగతిలో చదివాను. ఆ ప్రశ్నకు మార్కులు కూడా వచ్చాయి. తర్వాత పై చదువుల్లో అంతకంటే పెద్ద విషయాలు నేర్చుకుని దాన్ని మరిచిపోయాను.

ఆ పసుపు అక్కడికి ఎలా వచ్చిందో క్రేన్ ఆయనే చెప్పాడు. ఆయన చేరింది ఆయుధ పూజకు ముందు రోజు. పూజ నాడు యంత్రాలకూ పనిముట్లకూ పెట్టినట్టే గుమాస్తాలు రిజిస్టర్లకూ పసుపు పెట్టేవారు. మూసిన పుస్తకానికి పెడితే దేవుడికి కనిపించదనుకున్నారేమో, చివర రాసిన పేజీ తెరిచి పెట్టేవారు. చివర రాసింది ఈయన పేరు. అది మంచి శకునమని అప్పట్లో అందరూ అన్నారట.

ఆరాక గీత ఇటుక రంగుకు దిగింది. ఆఫీసరు భూతద్దం తెప్పించుకుని చూశారు.

"ఎర్రగీత అంటే కొట్టేసినట్టండీ. ఎంట్రీ రద్దు. కంప్యూటరే కరెక్టు."

"సార్, అది పసుపు. మా సున్నపు తేటలో రంగు మారింది."

"ముందు ఫొటో తీశారు కదా?"

తీశాం. కానీ ఫొటోలన్నీ నలుపు తెలుపుల్లోనే ఉండాలని, చోటు ఆదా అవుతుందని, ఆయన కార్యాలయమే సర్క్యులర్ ఇచ్చింది. ఫొటోలో బూడిదరంగు గీత ఒకటి ఉంది. అది పసుపో, పెన్సిలో, పై అధికారి కోపమో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇక నేను నింపిన పరిశీలన పత్రంలో "మరకలు" అన్న గడికి ఎదురుగా రెండే మాటలున్నాయి. ఉన్నవి, లేవు. నేను "ఉన్నవి"కి టిక్కు పెట్టాను.

ఆఫీసరు గొంతు తగ్గించారు. "మీరు కుర్రాళ్లు. వచ్చేనెల మీ కాంట్రాక్టు రెన్యూవల్ నా టేబుల్ మీదకే వస్తుంది. గీత ముందునుంచే ఎర్రగా ఉందని ఒక్క వాక్యం రాయండి. మీ తప్పేం ఉండదు. రంగు మార్చామని రాస్తే రికార్డు తారుమారు చేసినట్టు. ఆలోచించుకోండి."

గదికి వచ్చి ఆలోచించాను. నా అలవాటు కొద్దీ ఒక కాగితం తీసుకుని అటూ ఇటూ రాశాను. ఆ వాక్యం రాస్తే మా ముగ్గురి ఉద్యోగాలు ఉంటాయి, క్రేన్ ఆయనది ఈ నెలతో పోతుంది. రాయకపోతే ఎవరిది ఉంటుందో తెలియదు. మూడోది కూడా ఒకటి తట్టింది. దూదిపుల్లతో కాస్త నిమ్మరసం అద్దితే గీత మళ్లీ పసుపవుతుంది. అప్పుడు తారుమారు అన్న మాట నిజమే అవుతుంది. దాన్ని కొట్టేశాను.

"ఏటి రాత్తన్నారు అంతసేపు?" అంది అక్క.

చెప్పాను.

"రెన్నాళ్లు ముందో ఎనకో పనులు పోతాయి బాబూ. ఆయన ఈ గుమ్మంలో నిలబడ్డాడు, మనం సూసినాం. రేపు బస్సులో నా పక్కన కూకుంటే ఏటి సెప్తాను?"

బైండరు అరటిపండు ఒలిచి నా బల్ల మీద పెట్టాడు.

జరిగినదంతా వరుసగా రాశాను. సున్నపు తేట గాఢత, ముంచిన నిమిషాలు, నేను పరీక్షించనిది ఏమిటి, అది ఎవరి తప్పు. చివర, మీ సమక్షంలో చేసి చూపించడానికి అనుమతి కోరుతున్నాను అని చేర్చాను.

అనుమతి వచ్చేసరికి నెలలో రెండు రోజులే మిగిలాయి. ఆఫీసరు బల్ల మీద పనికిరాని ఫైలులోంచి తీసిన పాత ఖాళీ కాగితం పరిచాను. పసుపులో ఉండే రంగు పదార్థం పేరు, కర్కుమిన్ అన్న పదంతో మొదలుపెట్టి రెండు నిమిషాలు మాట్లాడాను. ఆయన గడియారం చూసుకున్నారు. అక్క కొంగుముడి విప్పి, పసుపు తీసి, తడివేలితో కాగితం మీద ఒక గీత గీసింది. దాని మీద సున్నపు తేట చుక్క వేసింది. ఎర్రబడింది.

ఆయన కాసేపు చూశారు. "దీనికి ల్యాబ్ సర్టిఫికెట్ ఏమైనా ఉందా అమ్మా?"

"సర్టిఫికెట్టేటి బాబూ. పెళ్లికొడుకై గడపలో నిలబడినప్పుడు మీకు ఎర్రనీళ్లు తిప్పలేదా? ఆ పళ్లెంలో ఏటున్నాదనుకున్నారు, ఇంకా?"

పక్కన ఫైళ్లు పట్టుకున్న గుమాస్తా దగ్గినట్టు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు గానీ, కలం మూత తీశారు.

ఉత్తర్వు నెలలో ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. "మరక యొక్క రంగు మారినంత మాత్రాన మరక యొక్క ఉద్దేశము మారినట్లు భావించరాదు" అని అందులో ఉంది. సంవత్సరం అసలు రిజిస్టరు ప్రకారమే ఖరారు. దానితోపాటే నాకొక మెమో. రికార్డు రంగు మార్చినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. రెన్యూవల్ కాగితం ఆ సంజాయిషీ వచ్చేదాకా ఆగుతుంది.

అయితే నాలుగింటికి క్రేన్ ఆయన వీడ్కోలు సభ ముందే ఖాయమైంది. శాలువా వచ్చేసింది, లడ్డూలు వచ్చేశాయి, కుర్చీలు వేసేశారు. సభను రద్దు చేయాలంటే వేరే ఆమోదం కావాలి, అది ఇచ్చే అధికారి సెలవులో ఉన్నారు. కనుక సభ జరిగింది. ఆఫీసరు ఆయన సేవలు సంస్థకు ఇక లభించవని విచారం వెలిబుచ్చారు. ఇద్దరు కంటతడి పెట్టారు. అందులో ఒకరికి ఉత్తర్వు సంగతి తెలుసు.

శాలువా కప్పుకుని క్రేన్ ఆయన మైకు అందుకున్నాడు. "అందరికీ దండాలు. సోమారం పొద్దున్న ఆరింటికి నాను డూటీలో ఉంటాను. ఈ కుర్సీలు క్రేను కింద ఏసీసినారు. ఎవులైనా తీసీండి."