బావి దగ్గరి జెండా

నన్ను చూస్తే మా అమ్మకి ఎప్పుడూ చిరాకే. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటే, కాసేపు కుదురుగా కూర్చోలేవా అనేది. కూర్చోలేను. పెళ్ళయినా, పిల్ల పుట్టినా, గుంటూరులో ఓ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరినా ఆ గుణం పోలేదు. క్లాసులో నాకు కుర్చీ వేయడం కూడా దండగే. అందుకే ఎనభైల మధ్యలో మా అన్నయ్య పొలాల్లో మ్యాపు పరుగు పందెం పెడుతున్నానని చెప్పగానే, ముందు నా పేరు రాసుకో అన్నాను.

అన్నయ్య ఓ కాలేజీలో ఆటల మాస్టారు. మ్యాపు చదవడం, దిక్సూచి పట్టడం నాకు నేర్పింది ఆయనే. పందెం చాలా తేలిక, వినడానికి. చేతిలో అన్నయ్య గీసిన మ్యాపు, ఓ దిక్సూచి. చేలల్లో, డొంకల్లో అక్కడక్కడా ఎర్ర జెండాలు పాతి ఉంటాయి. ప్రతి జెండాకీ ఓ రంగు పెన్సిలు కట్టి ఉంటుంది. దాంతో మన దగ్గరున్న అట్టముక్క మీద గీత గీసుకుని తర్వాతి జెండాకి పరిగెత్తాలి. దారి ఎవర్నీ అడక్కూడదు, ఎవరైనా చెప్పినా వినకూడదు. ఆఖరి ఈల వేసేలోపు వెనక్కి రావాలి. బహుమతి ఓ స్టీలు గ్లాసు. ఆ గ్లాసు కోసం బట్టతల వచ్చిన మగాళ్ళు కూడా ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళు.

ఆ శని, ఆదివారాలు సత్తెనపల్లి దగ్గర ఓ పల్లెలో స్కూలే మా మకాం. అన్నయ్య, ఆయన స్నేహితులు, వంట చూసుకోవడానికి వదిన, మా ఆయన, ఎనిమిదేళ్ళ మా పిల్ల, నేను. మిరప కోతల కాలం. స్కూలు వెనకాలే కల్లాలు. ఎండబోసిన కాయల ఘాటుకి బస్సు దిగిన దగ్గర్నుంచీ అందరం ఒకటే తుమ్ములు.

ఆడవాళ్ళకి విడిగా పందెం పెట్టించింది నేనే. అన్నయ్యని నెలరోజులు సతాయించి మరీ ఒప్పించాను. శనివారం నాతోపాటు అన్నయ్య పాత విద్యార్థినులు ఇద్దరు బయల్దేరారు. సగం దారిలోనే కాలికి ముల్లు దిగిందని ఒకమ్మాయి, ఆమెకి తోడుగా రెండో ఆమె వెనక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం గడ్డివాము కోసం వెతుకుతూనే ఉన్నాను. మ్యాపులో చక్కగా గడ్డివాము ఉంది, దాని పక్కన జెండా ఉంది. చేలో వాము లేదు. అన్నయ్య మ్యాపు గీసింది సంక్రాంతి ముందు. ఆ వాము కాస్తా ఈలోగా గేదెల కడుపులోకి పోయింది. నేను లేని వాము చుట్టూ తిరుగుతుండగానే ఈల వినపడింది.

తిరిగొచ్చేసరికి మగాళ్ళంతా పులిహోర తింటున్నారు. అన్నయ్య స్నేహితుడొకాయన, "ఆడవాళ్ళకి పందెం ఎందుకండీ, జెండాల దగ్గర నిలబెట్టి మజ్జిగ పోయించండి, మీకు పుణ్యం ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, తర్వాత నా మొహం చూసి మానేశాడు.

అన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు. "చూడమ్మాయ్, రేపు ఈల వేసేలోపు నువ్వొచ్చావా సరే. రాలేదా, వచ్చే ఏడు నుంచీ ఆడవాళ్ళ పందెం తీసేస్తాను. నన్నేమీ అనొద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రి అన్నం కూడా సయించలేదు.

ఆదివారం పొద్దున ఆడవాళ్ళ తరఫున నేనొక్కదాన్నే. చీరతో పరిగెత్తలేక పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి, కాన్వాసు బూట్లు తొడుక్కున్నాను. పిల్లలున్న వాళ్ళకి వేరే చిన్న పందెం ఉంది, నడిచినా ఫరవాలేదు. మా ఆయన, మా పిల్ల అందులో చేరారు. ముందు మగాళ్ళు వెళ్ళారు, తర్వాత నేను, ఆ తర్వాత వాళ్ళిద్దరూ.

ఆ పొద్దు నా కాళ్ళు నా మాట విన్నాయి. పత్తి కట్టె పీకని చేలోంచి అడ్డంగా దూసుకుపోయాను. మోళ్ళు పిక్కల్ని గీరేస్తున్నాయి, అయినా లెక్కచేయలేదు. జడ ఊడిపోయింది, అల్లుకునే తీరిక లేదు. ఒక్కో జెండా దొరుకుతోంది, అట్టముక్క మీద గీతలు పెరుగుతున్నాయి. ఇక మిగిలింది ఒకటే. మిరపచేను అవతల మోటబావి, బావి గట్టు వెనకాల ఆఖరి జెండా. అక్కణ్ణించి స్కూలు దగ్గరే. టైముంది. గెలిచాననే అనుకున్నాను.

అప్పుడే వెనకనుంచి మా ఆయన కేక. నేను తిన్నగా ఉన్న గట్టు వదిలి చేలోకి దిగడం దూరాన్నుంచి చూసి, దారి తప్పాననుకున్నాడట. "ఒసేయ్, ఆగు! అటు పోవద్దు!" అని అరుస్తున్నాడు. మంచికే అరిచాడు మహానుభావుడు. కానీ ఎవరి మాటా వినకూడదు కదా పందెంలో. వింటే నన్ను తీసేస్తారు. విననట్టే ఇంకా వేగం పెంచాను. నేను ఆగకపోయేసరికి మా పిల్ల హడలిపోయి, "అమ్మా! అమ్మా!" అని ఏడుస్తూ వెంటపడింది.

చేలో మిరపకాయ కోస్తున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. వాళ్ళకి కనపడిందేమిటి? జుట్టు విరబోసుకుని బావి వైపు పరిగెత్తే ఆడది, ఆగమని మొత్తుకునే మొగుడు, ఏడ్చే పిల్ల.

"పట్టుకోండే, బావి కాడికి పోతంది!" అని ఎవరో అరిచారు. అంతే. ఒళ్ళో కాయలు అక్కడే పారబోసి నలువైపుల నుంచీ వచ్చి పడ్డారు. బావికి నాలుగు బారల దూరంలో నేను నేలమీద ఉన్నాను. ఓ పెద్దావిడ నా కాళ్ళ మీద కూర్చుంది. ఓ పడుచుపిల్ల నా మణికట్టు పట్టుకుంది, ఇనప పట్టు.

"వదలండమ్మా, నేను బావి దగ్గరికి వెళ్ళాలి" అన్నాను.

"అదే కదా తల్లీ వద్దంటంది" అంది పెద్దావిడ.

"మీకు తెలీదు, టైమైపోతోంది. ఒక్క నిమిషం వదలండి, చాలు నాకు."

ఆ మాటకి ఒకామె ఏడుపు లంకించుకుంది. పందెమన్నాను, జెండా అన్నాను, మ్యాపు చూపించాను. "పిచ్చి మాటలు గూడా మాట్టాడతంది పాపం" అన్నారు. ఈలోగా మా ఆయన రొప్పుతూ వచ్చాడు. పెద్దావిడ లేవకుండానే అందుకుంది.

"ఏమయ్యా, సదువుకున్నోడిలా ఉండావు, ఏమన్నావు ఈ బిడ్డని?"

"నేనేం అనలేదండీ" అన్నాడాయన, దొంగలా.

"ఏం అనకపోతే బావి కాడికెందుకు పోద్ది?"

పెద్దావిడ మా పిల్లని దగ్గరికి లాక్కుని, నా చెయ్యి పట్టి దాని నెత్తిన పెట్టించింది. ఇంకెప్పుడూ ఆ పని చెయ్యనని ఒట్టెయ్యమంది. వెయ్యకపోతే ఆవిడ నా కాళ్ళ మీద నుంచి లేవదు, ఈల వేసేస్తారు. మా పిల్ల వెక్కుతూ నా మొహంలోకే చూస్తోంది. ఒట్టేశాను. నా కోపం నషాళానికంటింది. వీళ్ళనేమనాలి? నెలంతా నేను ఎదురుచూసిన రోజిది.

అందరూ వదిలారు. మణికట్టు పట్టుకున్న పిల్ల మాత్రం వదల్లేదు. ఇరవై ఉంటాయేమో దానికి.

"ఒట్టేశాను కదమ్మా, వదులు" అన్నాను.

అది నా మొహం చూడకుండా చెప్పింది. "మా అక్కా ఇట్టనే పోయింది. పోయినేడు, పత్తికి పురుగు పట్టినప్పుడు. మేం ఇక్కడే పనిలో ఉన్నాం, చూశాం గూడా. నీళ్ళకి పోతందనుకున్నాం. ఎవరం పిలవలా."

ఇంతసేపూ నాకు అడ్డం పడ్డారనుకున్నాను గానీ, వాళ్ళు ఎవర్ని పట్టుకుంటున్నారో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేక ఆ పిల్ల భుజం మీద తలపెట్టి ఏడ్చాను. చూశారా, మేం చెప్పలా, ఏదో కష్టం ఉంది అన్నట్టు ఆడవాళ్ళు తలలూపుకున్నారు. అప్పుడే స్కూలు వైపు నుంచి ఈల వినపడింది.

ఆ పిల్లని కూడా తీసుకునే బావి గట్టు దాకా వెళ్ళాను. జెండా చూపించాను, పెన్సిలుతో గీత గీసుకున్నాను. అది జెండానీ చూడలేదు, బావినీ చూడలేదు. నా మణికట్టు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. తిరిగి చేలోకి వచ్చాకే వదిలింది.

స్కూలు దగ్గర మా ఆయన సంగతంతా చెప్పేసరికి మగాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మజ్జిగ పోయించమన్నాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇక తీసేయండి మాస్టారూ, ఈసారి పోలీసులొస్తారు" అన్నాడు.

అప్పుడు నేను ఊరుకోలేదు. "మీరంతా పొద్దున ఆ చేలోంచే పరిగెత్తారు కదండీ. ఆ బావి దగ్గరికే పోయారు. మిమ్మల్నొక్కర్నైనా ఎవరైనా పట్టుకున్నారా? మగాడు పరిగెత్తితే ఏదో పనుందనుకుంటారు. నేను పరిగెత్తితే చావడానికే అనుకున్నారు. ఎందుకనుకున్నారో తెలుసా?" అని, ఆ పిల్ల చెప్పింది చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ మజ్జిగాయన అయితే తల దించుకుని గ్లాసు కడగడానికి పోయాడు.

అన్నయ్య తన మ్యాపు మీద బావిని పెన్సిలుతో కొట్టేశాడు. తర్వాత, "వచ్చే ఏడు కూడా పెడతానులే. బావి దగ్గర మాత్రం జెండా పెట్టను" అన్నాడు.

సాయంత్రం గుంటూరు బస్సెక్కాం. పిడుగురాళ్ల సున్నం లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి, కిటికీలోంచి తెల్ల దుమ్ము. మా ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నేను మాత్రం అప్పుడే వచ్చే ఏడు పందెంలోకి వెళ్ళిపోయాను. స్కూల్లో ఏ టీచర్లని లాక్కురావాలా, ఏ దారిన పోతే టైము కలిసొస్తుందా అని ఒకటే లెక్కలు.

మా పిల్ల నా మోచెయ్యి కదిపింది. "అమ్మా, నేను పిలిస్తే నీకు వినపడలేదా?"

"వినపడిందమ్మా."

"నాన్న పిలిచింది?"

"అదీ వినపడింది."

"మరెందుకు ఆగలేదు?"

ఆగితే పందెం పోతుందని, ఎవరి మాటా వినకూడదనేది రూలని చెప్పాను. అది శ్రద్ధగా వింది. నా లెక్కలన్నీ ఎటు పోయాయో పోయాయి. కాసేపటికి మళ్ళీ అడిగింది.

"వచ్చే ఏడు పిలిస్తే ఆగుతావా?"

ఆగుతానన్నాను. నమ్మలేదనుకుంటా. గుంటూరు వచ్చేదాకా కళ్ళు మూయలేదు.