దారానికి వేలు తగలకూడదు

మొన్న ఆదివారం మా చిన్న కారుని మా ఊళ్లో పండరీ పేట వైపు కొత్తగా వెలసిన టైర్ల షాపుకి తీసుకెళ్లాను. నెల్లాళ్లుగా అది ఎడమకి లాగుతోంది, స్టీరింగు కాస్త వదిలితే చాలు, పక్కకి పోతానని మొండికేస్తోంది. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి నాలుగు చక్రాలకీ పలకల్లాంటివి తగిలించి ఏదో నొక్కింది. తెర మీద ఎర్రగా అంకెలు వచ్చాయి, కింద ఉన్న మనిషి పానా తిప్పుతుంటే అవి ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. పావుగంటలో పని అయిపోయింది. ఆ అంకెలు మారుతున్నంతసేపూ నేను వాటిని పెదవుల మీద తెలుగులో చదువుతూనే ఉన్నానని, ఆ అమ్మాయి వింతగా చూసినప్పుడు గాని నాకు తెలియలేదు. ఏమన్నారంకుల్ అని హిందీలో అడిగింది. ఏం లేదన్నాను.

ఏం లేకపోవడమేమిటి, ఆ అంకెలు చదవడంలోనే ముప్ఫై నుంచి నలభై దాకా నా వయసంతా గడిచిపోయింది. మా నాన్న రైల్వేలో ఫిట్టరు, శ్రీకాకుళం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డవాడు. ఆయన సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం అన్నయ్యకి వచ్చింది, అన్నయ్యని వేరే ఊరు వేశారు, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అప్పుడు అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నవాడు మావయ్య, అమ్మకి తమ్ముడు. భార్య చాలా ముందే పోయింది, పిల్లల్లేరు. ఫ్యాక్టరీలుండే ఉర్లా వెళ్లే దారిలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. చక్రాల అలైన్‌మెంటు తప్ప ఇంకో పని ముట్టేవాడు కాదు.

మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, యంత్రాలు ఊరూరా రాకముందు ఆ పని దారంతో చేసేవాళ్లు. చదునైన గచ్చు మీద కారు నిలిపి, స్టీరింగు తిన్నగా కట్టేసి, కారుకి అటూ ఇటూ ఈ కొస నుంచి ఆ కొసకి రెండు నైలాన్ దారాలు బిగించి, ముందు చక్రం రిమ్ముకి ముందువైపు దారం ఎంత దూరంలో ఉందో, వెనకవైపు ఎంత దూరంలో ఉందో ఇనుప స్కేలుతో కొలిచేవాళ్లు. వెనక పది మిల్లీమీటర్లుంటే ముందు పదకొండుండాలి, మా షెడ్డుకి వచ్చే చిన్న కార్లకి మావయ్య లెక్క అది. తేడా వస్తే కారు పక్కకి లాగుతుంది, అప్పుడు కింద చక్రాన్ని పట్టి ఉంచే టై రాడ్డుని అర మర తిప్పడమే. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, కొలిచేటప్పుడు దారానికి వేలు తగలకూడదని. తగిలితే దారం జరుగుతుంది, జరిగిన దారం ఏ అబద్ధమైనా చెబుతుంది. ఆ ఒక్క సంగతి కోసం నేను ఎన్ని మొట్టికాయలు తిన్నానో లెక్క లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన చూపు తగ్గడం మొదలైంది. నీటికాసులన్నాడు కళ్ల డాక్టరు, పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోమన్నాడు. ఈ సంగతి అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదని మావయ్య ఒట్టు వేయించుకున్నాడు. చూపు లేని మిస్త్రీ దగ్గరికి కారు ఎవడు తెస్తాడు? అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. మావయ్య వంగి స్కేలు పెట్టేవాడు, నేను ఆయన వెనకాల పని లేనివాడిలా నిలబడి అంకెలు తెలుగులో చెప్పేవాణ్ని. పక్కనున్న హిందీవాళ్లకి అది మామా అల్లుళ్ల ఇంటి కబుర్లలా వినిపించేది. ఆయన తలాడించి ఆ అంకెనే హిందీలో దర్జాగా ప్రకటించేవాడు. ఉస్తాద్ చూపు డేగ చూపని వాళ్లు మెచ్చుకుంటుంటే నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

మొదట్లో సరదాగానే ఉండేది గాని, రానురాను ఊపిరాడేది కాదు. నేను ఒక్కరోజు రాకపోతే షెడ్డు తెరవడానికి లేదు. అన్నయ్య కూతురి బారసాలకి వెళ్లలేదు, జ్వరమొస్తే కంబళి కప్పుకుని వెళ్లి నిలబడ్డాను. ఫ్యాక్టరీల నల్లదుమ్ము గంటకోసారి దారాల మీద పేరుకుంటే గుడ్డతో తుడుస్తూ, ఈ రెండు దారాల మధ్యనే నా బతుకు తెల్లారిపోతుందని మనసులో తిట్టుకునేవాణ్ని, ఎక్కువసార్లు మావయ్యనే తిట్టుకునేవాణ్ని. ముప్ఫై దాటుతున్నా సొంత పని లేదు, సొంత పేరు లేదు, పెళ్లి మాట ఎవరెత్తినా మాట మార్చేవాణ్ని. తిండి పెట్టి మా ఇద్దరినీ నీడన ఉంచిన మనిషిని వదిలి వెళ్తానని ఏ నోటితో అనను?

ఒకనాడు ఒక పెద్దాయన తెల్లకారు తెచ్చాడు. మేము మామూలుగానే మా తతంగం నడిపించాం. ఆయన చివరిదాకా నోరు మెదపకుండా చూసి, వెళ్తూ వెళ్తూ నన్ను కారు దాకా రమ్మని, చక్కటి తెలుగులో, చూపు నీదేనా బాబూ అని అడిగాడు. మావయ్య వింటున్నాడేమోనని వెనక్కి చూశాను. ఎవరికీ చెప్పనన్నాడాయన, ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. తను పనిచేసే పెద్ద సర్వీసు సెంటరుకి అలైన్‌మెంటు యంత్రం వస్తోందని, దారం పని తెలిసినవాడు దాని దగ్గర ఉంటే బాగుంటుందని, పదిహేను రోజుల్లో వచ్చి చేరితే ఉండటానికి గది కూడా ఇప్పిస్తానని చెప్పాడు. నేను మావయ్యకి చెప్పలేదు. అమ్మకి మాత్రం చెప్పాను, చెప్పి, వెళ్లనులే అని కూడా అన్నాను.

వారం తర్వాత ఒక పొద్దున అభన్‌పూర్ నుంచి ఒక కుటుంబం వచ్చింది, భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. పని కాగానే ధమ్‌తరీ రోడ్డు మీద లారీల మధ్యనుంచి ఇంటికి పోవాలి. నేను అలవాటుగా వెనక్కి వెళ్లి నిలబడబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వక్కడే ఉండరా. నాకు కనిపిస్తంది. ఆ సెంటరోళ్ల కాడికి ఎల్లిపో, నా గురించి టెన్షన్ పెట్టుకోకు."

అమ్మ చెప్పేసిందన్నమాట. అప్పుడు చూశాను, ఆయన చేతిలోని స్కేలు మీద పది దగ్గరా పదకొండు దగ్గరా ఆకురాయితో కోసిన సన్నటి గాట్లున్నాయి. బొటనవేలి గోటితో గాటు తడుముకుని, రెండోవేలితో దారాన్ని వెతుక్కున్నాడు. వెనక పది అన్నాడు, అది నిజమే. ముందువైపు పదకొండన్నాడు. ఆయన వేలు దారాన్ని నెడుతోంది. వేలు తీయగానే దారం ఎనిమిది దగ్గర నిలబడింది. పిల్లలు అప్పటికే వెనకసీటు ఎక్కి కూర్చున్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి స్వతంత్రుణ్ని.

"ఎనిమిది, మావయ్యా," అన్నాను.

ఆయన స్కేలు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పానా అందుకుని, హిందీలో ఎనిమిదని కారాయనకి ప్రకటించి, పని మొదలుపెట్టాడు. నేను వెళ్లి వెనకాల నా చోట్లో నిలబడ్డాను. సెంటరు మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆ పనిలో ఇంకెవరో చేరారు. మావయ్య పోయేదాకా ఇంకో ఎనిమిదేళ్లు నేను అక్కడే అంకెలు చెబుతూ ఉండిపోయాను.

ఆయన దినాలు అయిపోయాక షెడ్డు సామాను సర్దుతూ ఆ స్కేలు చూసి, చూపు లేని మనిషి గాట్లు ఇంత సరిగ్గా ఎలా పెట్టుకున్నాడో అని పైకే అన్నాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గీతలు చూపించింది తనేనని చెప్పింది. నేను సర్వీసు సెంటరు సంగతి చెప్పిన మర్నాడే, నేను బజారుకి పోయిన సమయం చూసి, అక్కాతమ్ముళ్లిద్దరూ వంటింట్లో కూర్చుని ఆ పని చేశారట. నన్ను కట్టేశారనుకుని ఇన్నేళ్లు నేను లోలోపల ఎవరిని తిట్టుకున్నానో వాళ్లే నన్ను విడిపించడానికి అన్ని తంటాలు పడ్డారు, వాళ్లు విప్పిన ముడిని నేనే ఒక్క మాటతో మళ్లీ వేసుకున్నాను.

ఇప్పుడు అమ్మా లేదు. షెడ్డు ఉన్నచోట ఏదో గోడౌను వచ్చింది. చక్రాలు తిన్నగా నడవడానికి ఒకరి కళ్లు ఇంకొకరికి అరువివ్వక్కర్లేదు, అబద్ధం చెప్పడానికి దారమూ లేదు, అది మంచికేనని ఒప్పుకుంటాను. మొన్న కారు తిన్నగానే నడిచింది, స్టీరింగు వదిలినా పక్కకి పోలేదు. ఇంటికి వచ్చి సొరుగులోంచి ఆ స్కేలు తీసి, కళ్లు మూసుకుని, బొటనవేలి గోటితో తడిమి చూశాను. పది, పదకొండు. రెండూ వెంట్రుకవాసి తప్పులేదు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నేను వెళ్లిపోగలిగేవాణ్ని. ఇప్పుడు ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎవరూ వంగి నా మాట కోసం ఆగి లేరు.