పొద్దున ఉడికించిన నూడుల్స్

మా ఇంట్లో ఏ ఫారం వచ్చినా నింపవలసింది నేనే. గ్యాస్ కనెక్షన్, రేషన్ కార్డు, పిల్లల బడి దరఖాస్తు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. మావాళ్లలో డిగ్రీ వరకు చదివిన మొదటివాణ్ని నేను. అందుచేత నాంపల్లి దవాఖానలో, ఆహార సలహాలిచ్చే మేడమ్ గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు, చెల్లెలు తన కాగితాన్ని చూడనైనా చూడకుండా నాకు అందించింది.

చెల్లెలికి ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. నొప్పి వచ్చిందంటే ఉన్నచోటనే పొట్ట పట్టుకొని కూలబడుతుంది. ఆపరేషన్ తప్పదు, కానీ ఇంత బరువు మీద చేస్తే కుట్లు నిలవవని, ముందు బరువు తగ్గి రమ్మని, ఈలోగా పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని సర్జన్ చెప్పాడు. ఆ మాట విన్ననాటి నుంచి ఆమె దగ్గినా చేతిలో పని వదిలేసి చూసేవాణ్ని.

కాగితంలో ఒక ప్రశ్న ఉంది: బయటి తిండి అలవాటు ఉన్నదా, ఎప్పటి నుంచి, కారణమేమిటి? నేను తడుముకోకుండా రాశాను: “ఉన్నది. చిన్నప్పటి నుంచి. ఫాస్ట్ ఫుడ్ మీద ఇష్టం. నోటి మీద అదుపు లేకపోవడం.” అక్షరాలు గుండ్రంగా, దిద్దినట్టు వచ్చాయి.

“ఏం రాసినవన్నా? జర సదువు,” అంది చెల్లెలు.

చదివాను. ఆమె నవ్వింది.

“బయటి తిండి నేనెన్నడు తిన్ననే? మన బండి మీదిదే తిన్న. అది మనింటి తిండి గదా!”

అంతలోనే లోపలికి పిలిచారు. కాగితం అలాగే మేడమ్ చేతికి వెళ్లింది. ఆమె చదివి తలెత్తి, “నోటి మీద అదుపు లేదని మీరే రాశారా అమ్మా?” అని అడిగింది.

“మా అన్న రాసిండు మేడమ్. సదువుకున్నోడు, కరెక్టే రాస్తడు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉండి ఉంటే నేను తట్టుకునేవాణ్ని. లేదు. ఆమె నిజంగానే నమ్మి చెప్పింది.

మా నాయనది ఫాస్ట్ ఫుడ్ బండి. నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి అబిడ్స్ వైపు తిరిగే గల్లీ మొగదల ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం గన్‌ఫౌండ్రీ బ్యాంకుల వాళ్లు, అబిడ్స్ బట్టల దుకాణాల్లో నిలబడి నిలబడి కాళ్లు వాచిన అమ్మాయిలు, సాయంత్రం రైలు ఎక్కబోయేవాళ్లు వచ్చి తింటారు. నాయన రోజూ పదింటికి నూడుల్స్ ఉడికించి, నూనె రాసి, స్టీలు పళ్లెంలో ఆరబెడతాడు. మధ్యాహ్నం గిరాకీ అయ్యాక మిగిలినవి ఒకదానికొకటి అతుక్కొని ముద్ద కడతాయి. చుట్టుపక్కల బండ్లవాళ్లు ఆ ముద్దనే సాయంత్రం వేడి నూనెలో విడదీసి, సాసు దట్టించి ఇచ్చేస్తారు. తినేవాడికి తేడా తెలియదు. మా నాయన మాత్రం నాలుగింటికి మళ్లీ పొయ్యి మీద నీళ్లు పెట్టి కొత్తవి ఉడికిస్తాడు.

“పొద్దుగాల ఉడికింది మాపటికి కస్టమర్‌కు పెట్టొద్దు. ఆళ్లు మనల్ని నమ్మి తింటున్రు,” అనేవాడు.

అది ఆయన వ్యాపార ధర్మం. అన్నం పారేయడం పాపమనేది ఆయన పుట్టుకతో వచ్చిన నమ్మకం. ఈ రెండింటి మధ్య ఆ ముద్ద ఎక్కడికి పోవాలి? సరిగ్గా నాలుగింటికి చెల్లెలు బడి నుంచి వచ్చేది. సంచీ బండి కింద పెట్టి, స్టూలు మీద కూర్చునేది. నాయన కడాయిలో గరిటెడు నూనె ఎక్కువే పోసి, ఆ ముద్దను విప్పి, బిడ్డ అని రెండు మంచూరియా ఉండలు పైన పెట్టి ఇచ్చేవాడు. ఆమె ఆరో తరగతిలో ఉన్నప్పుడు మొదలైన ఆ పళ్లెం, ఆమె ఇంటర్ తప్పి నాయన పక్కన బండి దగ్గరే నిలబడినప్పుడూ, పెళ్లయి రెండు వీధుల అవతల కాపురం పెట్టినప్పుడూ ఆగలేదు.

నాకు ఆ పళ్లెం రాలేదు. అప్పట్లో నేను బషీర్‌బాగ్‌లో డిగ్రీ చదువుతున్నాను. “పరీక్షలున్నోడు గా నూనెది తింటే నిద్రొస్తది,” అని అమ్మ నా ఒక్కడి కోసం అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర వండి స్టీలు డబ్బాలో పెట్టేది. కోఠిలో కొన్న పాత పుస్తకాలు ముందేసుకొని ఆ డబ్బా ఖాళీ చేసేవాణ్ని. చెల్లెలు ఏం తిన్నదని ఒక్కనాడు అడిగిన గుర్తు లేదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె ఉండగా అడిగి ఉండవలసింది.

ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో స్థూలకాయం గురించి మాట వచ్చినప్పుడల్లా నేను ఖండితంగా మాట్లాడేవాణ్ని. అమ్మేవాణ్ని నిందించి లాభం లేదని, తినే నోటిదే బాధ్యత అని అనేవాణ్ని. బండి మీద బతికిన ఇంటివాణ్ని కాబట్టి, అమ్మేవాడి పక్షాన నిలబడటం నాకు న్యాయంగానే తోచేది. ఆ మాటే, అలవాటు చొప్పున, చెల్లెలి కాగితంలోకి దిగింది.

దవాఖానకు వెళ్లివచ్చిన తర్వాతి శనివారం నాలుగింటికి బండి దగ్గరికి వెళ్లాను. చెల్లెలు క్యాబేజీ తరుగుతోంది. నాయన ముద్ద కట్టిన పళ్లెం దగ్గరికి లాక్కొని, కడాయిలో నూనె పోశాడు.

“నాయనా, ఆగు. దవాఖానల ఏం చెప్పిన్రో తెలుసు గదా?”

“తెలుసు. బయటియి తినొద్దన్నరు. బర్గర్లు గిట్ల. గవి అబిడ్స్‌ల అద్దాల దుకాణాల్ల దొరుకుతయి. నా బిడ్డ ఆ మెట్లే ఎక్కలే.”

“మరి గిది?”

“గిదేంది? గిది మనది.”

“మాపటికి వచ్చే కస్టమర్‌కు గిది పెడతవా?”

“ఏం మాట్లాడుతున్నవ్‌రా? ఇరవై ఏండ్ల సంది ఒక్కనికన్న పెట్టిన్నా?” అన్నాడు గర్వంగా. అని, ఆగిపోయాడు. గరిటె చేతిలోనే ఉంది. కడాయిలోంచి పొగ లేచింది. చెల్లెలు వంగి స్టౌ తగ్గించింది.

“కస్టమర్‌కు పెట్టనిది...” అన్నాడు నాయన, పళ్లెంలోని ముద్దను చూస్తూ.

“నూనె మాడుతుంది నాయినా, గంటె కింద పెట్టు,” అంది చెల్లెలు. తర్వాత నా వైపు తిరిగి, “అన్నా, ఆయన్ని ఏమనకు. నాకు ఇష్టమే ఉండె. అబద్ధమెందుకు? బడి నుంచి ఆకలితోటి వస్తే వేడివేడిగ చేసి పెడుతుండె. గంత మంచిగ ఇంకోటి లేకుండె నాకు.”

“నేనన్న అడగాల్సింది, నువ్వేం తింటున్నవని.”

“అడిగితే ఏమైతుండె? నీ డబ్బల పప్పు ఇద్దరికి సాలుతుండెనా?”

చాలేది కాదు. అది నాకూ తెలుసు. అయినా పంచుకొని ఉంటే ఆమె పళ్లెంలో ఆ మేరకు నూనె తగ్గి ఉండేదన్న లెక్క, ఆమె అడగకపోయినా, నాకు తెగడం లేదు.

నాయన పళ్లెం పట్టుకొని అటూ ఇటూ చూశాడు. “ఆవుకు పెడదామా?” అన్నాడు.

“ఆవుకు గ్యాస్ పడతది నాయినా. అది పోయి ఏ దవాఖానల సూపెట్టుకుంటది?” అంది చెల్లెలు. ఎవరమూ నవ్వలేదు, ఆమె కూడా.

ఆయన పళ్లేన్ని కళ్లకద్దుకున్నాడు. రోడ్డవతల చెత్తడబ్బా దాకా నడిచి వెళ్లి, ముద్దను చేత్తో తీసి లోపల పెట్టాడు, వేయలేదు. తిరిగి వచ్చి, కొత్త నూడుల్స్ కోసం నీళ్లు పెట్టాడు. మరునాటి నుంచి పొద్దున సగమే ఉడికిస్తున్నాడు. మధ్యాహ్నానికే నూడుల్స్ అయిపోతే, ఆ తర్వాత వచ్చినవాళ్లను చేతులు జోడించి పంపిస్తున్నాడు.

తర్వాతిసారి దవాఖానకు వెళ్లినప్పుడు చెల్లెలి బరువు కొంత తగ్గి ఉంది. చాలదన్నారు. ఇంకా రెండు నెలలు చూసి, అప్పుడు ఆపరేషన్‌కు తేదీ ఇస్తామన్నారు. నేను మేడమ్‌ను పాత కాగితం అడిగి తీసుకున్నాను. నేను రాసిన జవాబు మీద గీత గీశాను. కింద ఇలా రాశాను: “బయటి తిండి లేదు. ఇంటి తిండి. ఆరో తరగతి నుంచి. మేము పెట్టినది.” ఈసారి అక్షరాలు కుదురుగా రాలేదు.

“మళ్ల ఏం రాసినవన్నా?” అంది చెల్లెలు. చదివి వినిపించాను. “మేము అన్నవ్. గందుల నేను లేనా?” అని అడిగింది. కాగితం మేడమ్‌కు ఇచ్చేశాను.

ఇప్పుడు రోజూ పొద్దున వంట నేనే చేస్తున్నాను. ఆఫీసుకు వెళ్తూ బండి దగ్గర ఆగి, అమ్మ నాకు పెట్టిన ఆ స్టీలు డబ్బా చెల్లెలికి ఇచ్చి వెళ్తాను. నాలుగింటికి ఆమె అదే స్టూలు మీద కూర్చొని మూత తీస్తుంది. మొన్న సెలవునాడు నేను అక్కడే ఉన్నాను. నాయన తొంగి చూసి, “ఏం పెట్టిండు?” అన్నాడు.

“తోటకూర పప్పు. ఉప్పు మర్చిండు, సదువుకున్నోడు,” అంది చెల్లెలు.

నాయన చేయి అలవాటుగా సాసు సీసా మీదికి పోయింది. దాన్ని దూరంగా జరిపి, ఉప్పు డబ్బా తీసి, చిటికెడంటే చిటికెడు ఆమె పప్పులో వేశాడు.